విలన్‌కి ఒక గిన్నెడు పులుసు

మా క్వాన్సిమా నాటకానికి వెళ్లిందంటే విలన్ పక్షం చేరాల్సిందే. ఎంత దుర్మార్గుడైనా సరే, ఆమెకి అనవసరం. సముద్రం ఒడ్డున ఉన్న మా సెకొండీ ఊరంతా కథానాయకుడి కోసం ముక్కులు చీదుకుంటుంటే, చేపల బజారు క్వాన్సిమా మాత్రం లేచి నిలబడి, నడుముకి గుడ్డ బిగించి, "పాపం, అతని మాట కూడా వినండర్రా!" అని కేక పెడుతుంది. పక్కన కూర్చునేది నేను. ఆమెని ఏమీ అనే ధైర్యం లేక అందరూ నన్ను గుర్రుగా చూసేవాళ్లు.

మేం కాన్సర్టు అని పిలిచే ఈ పాటల నాటకం నోరు మూసుకుని కూర్చునే వ్యవహారం కాదు. హోటలు పెరట్లో బల్లలు కలిపి స్టేజీ కడతారు. గిటార్లు, డప్పులు, బాకా ఒక పక్కన. ఎవరి ముక్కాలిపీట వాళ్లే మోసుకెళ్లాలి. అనాథ ఏడుపు పాట ఎత్తుకున్నాడంటే ఆడవాళ్లు వరసగా స్టేజీ ఎక్కి అతని నుదుటికి నాణేలు అంటిస్తారు, చేతిలో రొట్టె పెడతారు, ఒకావిడైతే భుజం మీది గుడ్డ తీసి కప్పేస్తుంది. దుర్మార్గుడికి నారింజ తొక్కలు తగులుతాయి. అది నాటకమని అందరికీ తెలుసు. ఏడుపు వస్తే మాత్రం ఎవరాపగలరు?

అలాంటి చోట క్వాన్సిమా ఏం చేసేదో వినండి. ఒకసారి కోకో పంట డబ్బంతా జూదంలో పోగొట్టిన మొగుడి కథ ఆడారు. పెళ్లాం పిల్లల్ని ఎత్తుకుని ఏడుస్తోంది. జనం పళ్లు కొరుకుతున్నారు. మా వాళ్లల్లో ఒక పెద్దాయన చెప్పు కూడా తీశాడు. అప్పుడు లేచింది.

"ఆ చెప్పు కింద పెట్టు బాబాయ్! అతని చొక్కా చూశావా? ఒక్క బొత్తామూ లేదు. అలాంటి చొక్కాతో తిరిగే మగాడికి ఇంటికెళ్లాలని ఎలా ఉంటుంది?"

"కూర్చో అక్కా, అది వేషం చొక్కా" అని నేను కొంగు లాగాను.

"వేషానికైనా గాలి కొడుతుంది కదే!"

మర్నాడు పొద్దున్నే ఆ నటుణ్ణి చెవి పట్టుకుని నా కుట్టుమిషను దగ్గరికి తీసుకొచ్చింది. బొత్తాలు నేనే కుట్టాను, దారం కూడా నాదే.

క్రిస్మస్‌కి మా చర్చిలో ఆడిన పాటల నాటకం ఇంకా ఘోరం. హేరోదు రాజు వేషం మా హెడ్‌మాస్టారిది. పసిపిల్లల్ని చంపమని ఆయన గర్జిస్తుంటే తల్లులంతా తమ పిల్లల్ని గుండెకి అదుముకున్నారు. మా మహాతల్లి మూడో వరసలోంచి లేచి, "రాజుగారికి ఒంట్లో బాగాలేదు. ఆ కళ్లు చూడండి, ఎలా పీక్కుపోయాయో! ముందు ఆయన్ని కూర్చోబెట్టండి" అంది. పాస్టరుగారు వేలెత్తి బయటికి పొమ్మన్నారు. ఆమె ఇంకా గుమ్మం దాటలేదు, రాజుగారు సింహాసనం మీంచి దబ్బున కింద పడ్డారు. మలేరియా. ఒళ్లు కాలిపోతోంది. చర్చి నిండా ఉన్న జనంలో హేరోదుకి జ్వరం ఉందేమోనని చూసింది ఈమె ఒక్కతే.

అప్పట్నుంచీ ఇంకెవరు పట్టగలరు? ఆమె ఎండబెట్టిన చేపల్ని పిల్లి ఎత్తుకుపోతే పిల్లి తరఫున మాట్లాడేది. "మూత పెట్టనిది నేను. అది పిల్లి పని చేసింది, నేను నా పని చెయ్యలేదు" అనేది.

"అక్కా, ఎప్పుడైనా ఒక్కసారి మంచివాళ్ల వైపు ఉండకూడదూ?" అని అడిగాను.

"మంచివాళ్లకేమే, ఊరంతా ఉంది. నేను ఒక్కదాన్ని లేకపోతే వాళ్లకేం లోటు?"

ఈ పిచ్చి నా కాపురం మీదికి వచ్చేదాకా నాకు నవ్వులాటగానే ఉండేది.

నేను చేసుకున్న కొబినా రైల్వేలో ఇంజను మీద బొగ్గు వేసే పని చేస్తాడు. భార్య పోయినవాడు. తొమ్మిదేళ్ల కూతురు ఎఫువా ఉంది. పెళ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజున పిల్ల నాకు దండం పెట్టింది, జడలు వేస్తానంటే బుద్ధిగా కూర్చుంది, కుట్టిచ్చిన గౌను వేసుకుంది. నా చేతి వంట మాత్రం ముట్టలేదు. సవతి తల్లి పెట్టింది తింటే కడుపు ఉబ్బి చచ్చిపోతారని వీధిలో ఎవరో దాని బుర్రకెక్కించారు. పొద్దున్నా సాయంత్రం పక్కవీధిలో అమ్మమ్మ ఒతువా అవ్వ దగ్గరికి పరిగెత్తి తిని వచ్చేది. నేను రోజూ దాని కంచంలో వడ్డించేదాన్ని. రోజూ మూత తియ్యకుండానే పక్కకి జరిపేది, చాలా మర్యాదగా. తిట్టి విసిరేసినా నాకు అంత బాధ ఉండేది కాదు. నాకు ఆ పిల్లంటే ప్రాణం అయిపోయింది, ఏం చెయ్యను?

చివరికి ఒతువా అవ్వ మా ఆయన దగ్గరికొచ్చి తేల్చేసింది. "తిండి సయించని ఇంట్లో పిల్ల ఎలా పెరుగుతుంది నాయనా? ఆదివారం చర్చి అయ్యాక దాని బట్టలు సర్దించు. నా దగ్గరే ఉంటుంది." మా ఆయన తల వంచుకున్నాడు. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది?

నేను ఏడుస్తూ క్వాన్సిమా దగ్గరికి పోయాను. ఆమె పొగ గూడు ముందు కూర్చుని చేపలు తిరగేస్తోంది. అవ్వని నాలుగు తిట్టి నన్ను ఓదారుస్తుందనుకున్నాను.

"పాపం ఒతువా అవ్వ" అంది. "కన్నకూతుర్ని మట్టిలో పెట్టింది. ఇప్పుడు మనవరాల్ని కొత్త మనిషి చేతిలో పెట్టమంటే ఆ ముసలి గుండె ఒప్పుకుంటుందటే?"

"నువ్వు నా స్నేహితురాలివా, ఆవిడ స్నేహితురాలివా?"

"ఏడుపాపి ఆ చేప అందుకో. ఇటు మాడిపోతోంది."

కోపంతో లేచి వచ్చేశాను. ఆ శనివారమే మైకు లారీ ఊరంతా తిరిగింది. బాస్ అక్వా గారి బృందం వస్తోందట. రాత్రికి కొత్త నాటకం, 'తల్లి లేనివాడికి తిండేది?' లారీకి కట్టిన బొమ్మలో ఎర్రటి పెదాల సవతి తల్లి కుండెడు ఫుఫు దుంపముద్దలు ముందేసుకుని కూర్చుని ఉంది, బక్కచిక్కిన అనాథ ఖాళీ చిప్ప పట్టుకుని ఉన్నాడు. లారీ మా గుమ్మం ముందుకొచ్చేసరికి వీధిలోని ఆడవాళ్లంతా బొమ్మని చూశారు, తర్వాత నన్ను చూశారు. నేను తలుపేసుకున్నాను.

మధ్యాహ్నం తలుపు బాదుతూ క్వాన్సిమా దిగింది, చేతిలో మూతగల పింగాణీ గిన్నెతో.

"పామాయిల్ పోసి చేప పులుసు పెట్టావా ఇవాళ? వాసన వీధి చివరికి వస్తోంది. ఈ గిన్నె నింపు. చేపలు ఎక్కువొచ్చి నాకు వంటకి తీరిక లేదు. రాత్రికి విలన్‌కి కావాలి."

"అక్కా! ఇవాళ్టి విలన్ ఎవరో తెలుసా? సవతి తల్లి!"

"తెలుసు. ఆడమనిషేగా, నువ్వు కాస్త కారం తగ్గించావు కదా?"

"నేను రాను. ఎఫువాని అవ్వ తీసుకెళ్తోంది కదా. ఆ నాటకం చూశాక పిల్ల నా మొహం కూడా చూడదు. రేపు ఎలాగూ వెళ్లిపోతుంది. ఇవాళ ఊరందరి ముందూ అక్కడ కూర్చోవడం నా వల్ల కాదు."

"వస్తావు. నా పీట నువ్వే మొయ్యాలి. నాకు గిన్నె ఉందిగా" అంది.

మోశాను. ఆమెతో వాదించి గెలిచినవాళ్లు మా బజారులో ఎవరూ లేరు.

పెరడు కిటకిటలాడుతోంది. ఒతువా అవ్వ, ఎఫువా ముందు వరసలో ఉన్నారు. క్వాన్సిమా నన్ను లాక్కెళ్లి సరిగ్గా వాళ్ల వెనకే పీట వేసింది. చిరిగిన చొక్కాతో ఫిఫీ అనే నటుడు అనాథగా వచ్చాడు. గడ్డం నున్నగా గీక్కున్నా ముప్ఫై ఏళ్ల మనిషని తెలుస్తూనే ఉంది, అయినా వచ్చీ రాగానే సగం పెరడు కరిగిపోయింది. తర్వాత సవతి తల్లి. ఆడవేషాలు మగవాళ్లే వేస్తారు కదా, క్వెకు డాడ్జీ అనే ఆరడుగుల మనిషి మొహానికి పౌడరు, తలకి పట్టుగుడ్డ, ఛాతీ దగ్గర రెండు కొబ్బరి చిప్పలతో ఒయ్యారంగా దిగాడు. తనకి ఫుఫు వడ్డించుకున్నాడు, కుండ అడుగు మాడు గీకి అనాథ ముందు విదిల్చాడు. జనం ఉరిమారు.

ఫిఫీ పాట ఎత్తుకున్నాడు. అమ్మ ఉన్నప్పుడు పొయ్యి తననే పిలిచేదట, ఇప్పుడు పొగ కూడా తన వైపు రావడం లేదట. గిటారు వెనకాల మెల్లగా ఏడుస్తోంది. నా ముందు ఎఫువా చిన్న వీపు బిగుసుకుపోవడం చూశాను. ఆడవాళ్లు లేచి స్టేజీ ఎక్కడం మొదలుపెట్టారు. నుదుటి మీద నాణేలు, చేతిలో రొట్టె. దిగుతూ ప్రతి ఒక్కతీ నా వంక ఒక చూపు విసిరి దిగింది. భూమి చీలితే బాగుండుననుకున్నాను. అప్పుడు పక్కన పీట ఖాళీ అయింది.

క్వాన్సిమా గిన్నె నెత్తిన పెట్టుకుని స్టేజీ ఎక్కుతోంది. ఆమెకూ అనాథ మీద జాలి కలిగిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆమె ఫిఫీని దాటిపోయి సవతి తల్లి ముందు మోకాళ్లేసి కూర్చుని మూత తీసింది.

"తిను చెల్లీ. వాడికి ఊరంతా పెట్టింది. నువ్వు తిన్నావా అని ఎవరైనా అడిగారా?"

పెరడంతా గోల. "దింపండి దాన్ని!" "సిగ్గులేదూ!" నారింజ తొక్కలు ఎగిరాయి. ఒకటి ఆమె తలగుడ్డకి తగిలింది, దులుపుకుంది.

డాడ్జీ ఆటలో పండిపోయినవాడు. గొంతు సన్నం చేసి, "ఎవరు వండారక్కా ఇది?" అన్నాడు.

"అదిగో, ఆ నీలం గౌను పిల్ల వెనక కూర్చుందే, సెచివా, ఆమె. ఆమె కూడా నీలాగే సవతి తల్లి. రోజూ వండుతుంది, రోజూ కంచంలో పెడుతుంది, మూత తీసే దిక్కు లేదు. మీరంతా ఒక్క సంగతి చెప్పండర్రా, ఆమె కంచం ఎప్పుడైనా ఎవరైనా రుచి చూశారా? చూడకుండానే విషమని ఎలా తెలిసింది?"

తొక్కలు ఎత్తిన చేతులు కిందికి దిగాయి. నేను రెండు చేతుల్లో మొహం దాచుకున్నాను. వేళ్ల సందుల్లోంచి చూస్తూనే ఉన్నాననుకోండి.

డాడ్జీ ఫుఫు ముద్ద ఒకటి అందులో ముంచి తిన్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. ఆ తర్వాత నాటకంలో లేని పని చేశాడు. అనాథ వైపు తిరిగి, "ఒరే అబ్బాయ్, ఇలా రా. నేనొక్కదాన్నే తింటే ఏం బాగుంటుంది" అన్నాడు.

తెర వెనక నుంచి బాస్ అక్వా గొంతు గర్జించింది. "తినకురా ఫిఫీ! నువ్వు మూడో భాగం దాకా ఆకలితో ఉండాలి! తిన్నావంటే కథేం మిగుల్తుంది?"

ఫిఫీ ఒకసారి తెర వైపు చూశాడు, ఒకసారి గిన్నె వైపు చూశాడు. వెళ్లి కూర్చుని చెయ్యి పెట్టాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్న తీరు చూడాలి. చేప తల కోసం సవతి తల్లీ అనాథా కుస్తీ పట్టారు. కొబ్బరి చిప్ప ఒకటి జారి దొర్లిపోయింది. నవ్వు ఎక్కడ మొదలైందో తెలియదు, పెరడంతా పాకింది. మూడో భాగంలో సవతి తల్లి పిచ్చెక్కి పాపాలన్నీ ఒప్పుకోవాలి, కాని మొదటి భాగంలోనే ఇద్దరూ కలిసిపోయాక ఇంకేం ఒప్పుకుంటుంది? బాస్ అక్వా జుట్టు పీక్కుని, గతిలేక బ్యాండుకి సైగ చేశాడు. హుషారైన హైలైఫ్ పాట అందుకున్నారు. పీటలు పక్కకి జరిపి ఊరంతా ఆడింది.

ఆడనిది ఒక్కతే. ఎఫువా స్టేజీ అంచుకి గడ్డం ఆనించి, రెప్ప వెయ్యకుండా ఫిఫీనే చూస్తోంది. అతను ఆడితే అటు చూసింది, కూర్చుంటే ఇటు చూసింది. అవ్వ పిలిచినా పలకలేదు. దాని ధ్యాస ఏమిటో నాకు అప్పుడు తట్టలేదు.

ఆట అయిపోయాక నటులు నీళ్ల తొట్టి దగ్గర పౌడరు కడుక్కుంటున్నారు. పిల్ల సరాసరి అక్కడికి నడిచింది. వెనకాలే అవ్వ, ఆవిడ వెనకాల నేను.

"మామా" అని పిలిచింది ఫిఫీని. "కడుపు నొప్పిగా ఉందా?"

అతను ఆలోచించాడు. పొట్ట నిమురుకున్నాడు. "ఉందమ్మా. చాలా ఉంది."

ఎఫువా మొహం తెల్లబోయింది.

"ఇంకో గిన్నెడు పెట్టలేదు కదా, ఆ నొప్పి" అన్నాడు.

పిల్ల అతని పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. ఉబ్బలేదు. ఇంకాసేపు నిలబడింది. అతను చచ్చిపోలేదు. అప్పుడు నా వైపు తిరిగింది. నన్ను ఏమని పిలవాలో తేల్చుకోలేక పిల్ల అంతవరకూ నన్ను ఏమనీ పిలిచేది కాదు. ఇప్పుడూ పిలవలేదు. "ఇంట్లో ఇంకా ఉందా?" అని మాత్రం అడిగింది.

"లేదు" అన్నాను. "పెడతాను. ఇప్పుడే పెడతాను."

"ఈ వేళప్పుడా?" అంది ఒతువా అవ్వ.

"నువ్వూ రా అవ్వా" అంది వెనకనుంచి క్వాన్సిమా, తలగుడ్డలోంచి నారింజ గింజలు ఏరుకుంటూ. "కుండలో ఏమేం పడుతుందో దగ్గరుండి చూసుకో. రేపు నీకు నిద్ర పడుతుంది."

అవ్వ వచ్చింది. ముక్కాలిపీట మీద కూర్చుని నేను వేసిన ప్రతి దినుసూ కళ్లతో తూచింది. నేను భయంతోనో సంతోషంతోనో ఏం వేస్తున్నానో చూసుకోలేదు. గిన్నె మధ్యలో పెట్టి, ఆకు చుట్టిన మొక్కజొన్న ముద్ద కెంకే విప్పాను. ఎఫువా ముద్ద తుంచి, పులుసులో ముంచి, నోట్లో పెట్టుకుని నమిలింది. నేనూ అవ్వా క్వాన్సిమా దాని నోటి వంకే చూశాం.

"ఉప్పు తక్కువైంది" అంది ఎఫువా.

నాకు ఎవరూ అంత తియ్యని మాట చెప్పలేదు. అవ్వ కూడా ఒక ముద్ద తీసుకుని, "నిజమే, తక్కువైంది" అని ఒప్పుకుని, ఇంకో ముద్ద తీసుకుంది. ఆ తర్వాత ఇంకోటి. ఆదివారం చర్చి అయ్యాక ఆవిడ అన్న మాట ప్రకారం వచ్చింది. పిల్ల బట్టలు అడగలేదు. ఉప్పు పొట్లం ఒకటి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆ తర్వాత కాసేపటికి బృందం లారీ ఊరు వదులుతూ మా గుమ్మం ముందు ఆగింది. పౌడరు లేని క్వెకు డాడ్జీ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"వదినా! పులుసు బ్రహ్మాండం. అయితే మీ స్నేహితురాలికి ఒక మాట చెప్పండి. ఇంకెప్పుడూ ఇలాంటి పని మా చేత చేయించొద్దు. నిన్న మధ్యాహ్నం బస దగ్గరికొచ్చి నన్నూ ఫిఫీనీ పక్కకి పిలిచింది. ఒక బుట్ట పొగ చేపలు ఇచ్చి, రాత్రిదాకా పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదని ఒట్టు వేయించుకుంది. 'ఒక పిల్ల మిమ్మల్నే చూస్తుంటుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తింటున్నట్టు తినాలి' అంది. మా బాస్‌కి చెప్పొద్దంది. ఆయన ఇప్పటికీ మాతో మాట్లాడటం లేదు!"

లారీ వెళ్లిపోయింది. నేను నిలబడినచోటు నుంచి అలాగే చేపల బజారుకి పరిగెత్తాను. క్వాన్సిమా పొగలో కళ్లు చికిలించుకుంటూ చేపలు తిరగేస్తోంది.

"అక్కా! నువ్వా ఇదంతా చేసింది? ముందే వెళ్లి వాళ్లని ఉపవాసం ఉంచావా? డాడ్జీ అంతా చెప్పాడు!"

ఆమె చేతిలోని చేప ఆగిపోయింది. చెవుల దాకా సిగ్గుపడటం ఆ మనిషిలో మొదటిసారి చూశాను.

"వాడా? ఆ డాడ్జీగాడా?" అంది కస్సుమంటూ. "పరమ దుర్మార్గుడు! అబద్ధాలకోరు! రాత్రి స్టేజీ మీద చూశావుగా, తల్లి లేని పిల్లాడికి మాడు విదిల్చాడు. అలాంటివాడి మాట ఎలా నమ్ముతావే?"

విలన్‌ని క్వాన్సిమా తిట్టగా నేను విన్నది ఆ ఒక్కసారే.